గిన్నెడు మిక్స్చర్‌కి ఎన్ని కేలరీలు?

డైటింగ్ మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రం టీతో పాటు చిన్న గిన్నెడు మిక్స్చర్ తిన్నాను. ప్యాకెట్ వెనక ‘ఒక సర్వింగ్‌కు 111 కేలరీలు’ అని ఉంది. ఫరవాలేదులే అనుకున్నాను. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి, ఆ గిన్నెను మళ్లీ అంతే నింపి వంటింటి తూకం మీద పెట్టాను. 48 గ్రాములు! ప్యాకెట్ లెక్కలో సర్వింగ్ అంటే 20 గ్రాములేనట. అంత కాస్త తిని చేయి కడుక్కునే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

అందుకే సర్వింగ్ అంకెను వదిలేసి ‘100 గ్రాములకు’ అన్న వరస చూడాలి. నా ప్యాకెట్ మీద ప్రొటీన్ 7 గ్రాములు, కార్బోహైడ్రేట్ 53, కొవ్వు 35. ప్రొటీన్‌నీ కార్బోహైడ్రేట్‌నీ 4తో, కొవ్వుని 9తో హెచ్చవేస్తే 28, 212, 315. మొత్తం 555. నేను తిన్న 48 గ్రాములకు 266. అందులో సగానికి పైగా నూనెదే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటుంది: కార్బోహైడ్రేట్ కింద రాసిన చక్కెరను మళ్లీ విడిగా కలిపేస్తారు. అది పై అంకెలో ఉన్నదే.

గ్రాముకు ఇన్ని కేలరీలని చెప్పే ఈ 4, 9 ఎక్కడివంటే, 19వ శతాబ్దం చివర్లో విల్బర్ అట్‌వాటర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త పుణ్యం. తిండిని కాల్చి ఎంత వేడి వస్తుందో కొలిచి, మలమూత్రాల్లో పోయే వాటా తీసేసి సగటు కట్టాడు. మనం కేలరీ అంటున్నది నిజానికి కిలోకేలరీ. లీటరు నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించేంత శక్తి. ఆ లెక్కన నా గిన్నెడు మిక్స్చర్‌తో మూడున్నర లీటర్ల కుళాయి నీళ్లు మరగబెట్టొచ్చు.

లేబుల్ మీద, రోజు మొత్తానికి కావలసినదాంట్లో ఇది ఎంతో చెప్పే శాతాలు కూడా ఉంటాయి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల ప్రకారం అవి రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి వేసిన లెక్కలు. మీరు 1400తో సరిపెట్టుకుంటుంటే ఆ శాతాలు మీవి కావు. పేర్లనూ నమ్మక్కర్లేదు. డైజెస్టివ్ బిస్కెట్లు చాలావాటిలో, గ్రాముకు గ్రాము చూస్తే, మామూలు మారీ కన్నా కేలరీలు ఎక్కువే ఉంటాయి. ఓట్స్ ప్యాకెట్ మీది అంకె పొడి ఓట్స్‌కి. ఉడికించాక తూచి అదే అంకెతో లెక్కేస్తే మీరు తిన్నదానికి కొన్ని రెట్లు ఎక్కువ కనబడుతుంది.

ఇంతా చేసి అట్‌వాటర్ లెక్క కూడా అన్నిచోట్లా పారదు. 28 గ్రాముల బాదం పప్పుకు ఆ లెక్క దాదాపు 170 కేలరీలు చూపిస్తుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మనుషులకు బాదం తినిపించి, వాళ్ల మలమూత్రాలు పరీక్షించి చూస్తే ఒంటికి అందింది 129 మాత్రమే. పప్పు సరిగ్గా నలగక, గట్టి కణాల గోడల్లో చిక్కిన నూనె కొంత జీర్ణం కాకుండానే బయటికి పోతోంది. అదే బాదాన్ని మెత్తగా వెన్నలా రుబ్బి పెట్టినప్పుడు ఆ తేడా మాయమైంది.