పాట ఎంపిక ఎవరిది? 1962 నాటి ఒక ఒప్పందం వెనుక కథ

అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తన తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగులను, అంటే కాపీలన్నిటికీ మూలమైన అసలు రికార్డింగులను, తిరిగి కొనుక్కున్నట్టు 2025 మే 30న ప్రకటించింది. గాయకులకూ రికార్డు కంపెనీలకూ మధ్య హక్కుల తగాదా ఎక్కడ తలెత్తినా ఇప్పుడు ముందుగా వినిపించేది ఆ పేరే. 2019లో ఆ మాస్టర్లు ఆమె ప్రమేయం లేకుండా చేతులు మారడం, దానికి జవాబుగా ఆమె పాత పాటలను మళ్లీ పాడి విడుదల చేయడం పాఠకులకు తెలిసినవే కనుక వాటిని ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. ఈ చర్చంతా యాజమాన్యం చుట్టూ తిరుగుతుండడంతో, రికార్డయిన పాట ఎవరి ఆస్తి అన్నదే ప్రశ్నగా మిగిలింది. అసలు ఏ పాట రికార్డు కావాలో తేల్చేది ఎవరన్న ప్రశ్న మరుగున పడింది. ఆ ప్రశ్న తేలిన చోటు 1962 అక్టోబరులో బార్బ్రా స్ట్రైసాండ్ అనే ఇరవయ్యేళ్ల రంగస్థల గాయని న్యూయార్కులో కొలంబియా రికార్డ్స్‌తో కుదుర్చుకున్న ఒప్పందం.

స్ట్రైసాండ్ బ్రూక్లిన్‌లో గడిపిన బాల్యం, చదువు, పేదరికం వంటివి ఇప్పటికే చాలామంది రాశారు. మన కథకు కావలసింది 1962 మార్చిలో బ్రాడ్‌వేలో మొదలైన 'ఐ కెన్ గెట్ ఇట్ ఫర్ యూ హోల్‌సేల్' నాటకం. అందులో ఆమెది మిస్ మార్మెల్‌స్టైన్ అనే సెక్రటరీ వేషం. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని, అందరూ తనను ఇంటిపేరుతోనే పిలుస్తారు తప్ప ముద్దుపేరుతో పిలిచేవాడు ఒక్కడూ లేడని వాపోయే ఆ పాటకు ప్రేక్షకులు విరగబడి నవ్వేవారు. నాటకం పాటల రికార్డును విడుదల చేసింది కూడా కొలంబియాయే కనుక, ఆ గొంతు కంపెనీకి కొత్తది కాదు. అయినా కంపెనీ అధిపతి గొడార్డ్ లీబర్సన్ మొదట ఆమెను వద్దన్నాడు. క్లబ్బుల్లో కొద్దిమంది రసికులు మెచ్చే గొంతే తప్ప రికార్డు కొనే జనానికి ఎక్కే గొంతు కాదన్నది ఆయన అంచనా. రంగస్థలం మీద నవ్వించిన అమ్మాయి భగ్నప్రేమను పాడితే ఎవరు వింటారన్నది వ్యాపారపరంగా అర్థంలేని సందేహమేమీ కాదు.

తర్వాత ఆయన మనసు మార్చుకోవడానికి కొలంబియాలోనే డేవిడ్ కాప్రలిక్ ఆమె పక్షాన నిలబడడం ఒక కారణమైతే, మేనేజరు మార్టీ అర్లిక్‌మన్ పట్టు విడవకపోవడం మరొకటి. అర్లిక్‌మన్ డబ్బు దగ్గర తగ్గి, దానికి బదులు ఒక షరతు రాయించుకున్నాడు. ఏ పాటలు పాడాలో గాయనే ఎంచుకుంటుంది, ఆ విషయంలో కంపెనీ సలహా ఇవ్వగలదు గానీ ఆదేశించలేదు. తనకు నిజంగా పట్టింపు ఉన్నది ఆ ఒక్క వాక్యమేననీ, ఒప్పందం కుదిరాక కూడా అప్పటి హిట్ పాటలు కొన్ని చేర్చమని ఒత్తిడి వస్తూనే ఉందనీ, తాను లొంగలేదనీ ఆమె తర్వాత చెప్పుకుంది.

ఆ వాక్యం విలువ తెలియాలంటే అదే కంపెనీలో పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1951లో కొలంబియాలో పాటల ఎంపిక మిచ్ మిల్లర్ చేతిలో ఉండేది. రోజ్‌మేరీ క్లూనీకి 'కమాన్ ఎ మై హౌస్' అనే పాట బొత్తిగా నచ్చలేదు. అయినా ఆయన బలవంతం మీద పాడింది, అది దేశమంతా మారుమోగింది. అదే సంవత్సరం ఫ్రాంక్ సినాత్రా అంతటివాడు కుక్క మొరుగుళ్లతో కూడిన ఒక వేళాకోళపు పాట పాడవలసి వచ్చింది, ఆ మచ్చ గురించి ఆయన జీవితాంతం చిరాకు పడ్డాడు. పాటల ఎంపికను కంపెనీకే వదిలేస్తే అమ్మకాలు బాగుంటాయని వాదించేవారు క్లూనీని చూపిస్తారు, సినాత్రాను చూపించరు.

ఒప్పందం కుదిరిన నెలకే దానికి తొలి పరీక్ష ఎదురైంది. ఆల్బమ్‌ను స్టూడియోలో కాక, ఆమెకు పేరు తెచ్చిపెట్టిన బోన్ స్వార్ క్లబ్బులోనే ప్రేక్షకుల ముందు రికార్డు చేయాలని నిర్ణయించారు. గ్రీనిచ్ విలేజ్‌లో పశ్చిమ 8వ వీధిలో మెట్లు దిగి వెళ్లవలసిన ఇరుకైన చీకటి గది అది. 1962 నవంబరు 5, 6, 7 తేదీల్లో మూడు రాత్రులు, పియానో, గిటారు, బేస్, డ్రమ్ములు మాత్రమే తోడుగా ఆమె పాడింది. ఆమెను వేదిక మీదికి పిలిచింది కాప్రలిక్కే. టేపులు విన్నాక ఆ గదిలో ధ్వని రికార్డుకు తగినంత శుభ్రంగా పట్టుబడలేదని తేలడంతో వాటిని పక్కన పెట్టేశారు. కొత్త గాయని మొదటి ప్రయత్నం ఇలా మూలపడితే, రెండోసారి కంపెనీ తన మాట నెగ్గించుకోవడమే అప్పటి ఆనవాయితీ. ఇక్కడ అలా జరగకపోవడానికి కారణం ఆ షరతే. 1963 జనవరి చివర్లో మూడు రోజుల పాటు కొలంబియా స్టూడియోలో రికార్డింగు జరిగినప్పుడు గది మారింది, వాద్యబృందం పెద్దదయింది, పీటర్ మాట్జ్ కొత్త వాద్యరచన చేశాడు గానీ పాటలు ఆమె ఎంచుకున్నవే.

ఆల్బమ్ పేరు దగ్గర కూడా ఇదే పేచీ నడిచింది. కంపెనీ ప్రతిపాదించిన 'స్వీట్ అండ్ సాసీ స్ట్రైసాండ్' అనే పేరులో మిస్ మార్మెల్‌స్టైన్‌నే మళ్లీ అమ్ముకోవాలన్న తాపత్రయం కనిపిస్తుంది. ఆమె దాన్ని కొట్టిపారేసి, 'ది బార్బ్రా స్ట్రైసాండ్ ఆల్బమ్' అని సాదాగా పెట్టించింది.

1963 ఫిబ్రవరి 25న విడుదలైన ఆ ఆల్బమ్‌లో 11 పాటలున్నాయి. వాటిలో ఆమె కోసం కొత్తగా రాసినది ఒక్కటీ లేదు, చాలామటుకు పాత నాటకాల నుంచి, మరుగున పడిన గీతాల నుంచి ఏరుకున్నవి. మొదటి పాట 'క్రై మీ ఎ రివర్'. వదిలేసి వెళ్లి, ఇప్పుడు పశ్చాత్తాపంతో తిరిగొచ్చిన ప్రియుడికి ఒక స్త్రీ ఇచ్చే జవాబు అది. 1955లో జూలీ లండన్ గొంతులో ఇది నిట్టూర్పులా, మంద్రంగా సాగింది. స్ట్రైసాండ్ అదే పాటను తగ్గుస్థాయిలో మొదలుపెట్టి, చరణం చరణానికీ పైకి లేపుతూ, చివరికి వచ్చేసరికి ఏడుపు ఏదో, కోపం ఏదో విడదీయలేని చోటికి తీసుకెళ్తుంది. ప్రియుడు మరొకరి దగ్గర గడిపి వస్తే కోపంతో నిలదీసే, మన అలంకారికులు ఖండిత అని పేరు పెట్టిన నాయికను ఎరిగిన పాఠకుడికి ఈ గొంతును వేరే ఎవరూ వివరించనక్కర్లేదు.

రికార్డు రెండో వైపు మొదటి పాట 'హ్యాపీ డేస్ ఆర్ హియర్ ఎగైన్' సంగతి ఇంకా విచిత్రం. 1929లో పుట్టిన ఈ గీతం 1932లో రూజ్‌వెల్ట్ ఎన్నికల ప్రచారంలో జనం చప్పట్లు చరుస్తూ పాడుకున్న హుషారు పాట. 1962లో గ్యారీ మూర్ టెలివిజన్ కార్యక్రమంలో దాన్ని తలకిందులు చేశారు. స్టాక్ మార్కెట్ కూలి ఆస్తంతా పోగొట్టుకున్న ఒక సంపన్నురాలు బారుకు వచ్చి, డబ్బుకు బదులు ఒంటి మీది నగలు ఒక్కొక్కటే తీసి ఇస్తూ షాంపేన్ తాగుతుంది. మంచి రోజులు మళ్లీ వచ్చాయని నెమ్మదిగా పాడుతుంది. మాటల్లో ఒక్క అక్షరం మారకుండా, కేవలం లయ తగ్గించడంతో విజయగీతం శోకగీతమైంది. ఏ కంపెనీ ఉద్యోగి బల్ల ముందు కూర్చుని 'ఇరవయ్యేళ్ల పిల్ల ప్రేమ పాటల ఆల్బమ్‌లో పాత ఎన్నికల పాట పెడదాం' అని ప్రతిపాదిస్తాడు? నాటకం తెలిసిన గాయనికే అది తోచే ఎంపిక. ప్రతి పాటనూ ఒక పాత్ర నోట పలికించడం ఆమెకు రంగస్థలం నేర్పిన విద్య. లీబర్సన్ లోపంగా చూసినది కూడా దాన్నే.

ఈ ఘనత అంతా ఆమె ఒక్కతెదేనా అన్న ప్రశ్న ఉంది. 1960లో ఆమెతో సహజీవనం చేసిన నటుడు బ్యారీ డెన్నన్, పాత రికార్డులు వినిపించి ఆమె అభిరుచిని తీర్చింది తానేనని 1997లో ఒక పుస్తకమే రాశాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే పాటలు వినిపించినవాడికీ, వాటి కోసం డబ్బు వదులుకున్న మనిషికీ తేడా ఉంది.

ఆల్బమ్ అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ అమ్మకాల పట్టికలో 8వ స్థానం దాకా వెళ్లింది. 1964 మే నెలలో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా, ఉత్తమ గాయనిగా గ్రామీ పురస్కారాలు వచ్చాయి. ఆ తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే.

పక్కన పెట్టిన బోన్ స్వార్ టేపులు అరవై ఏళ్లకు, 2022 నవంబరులో స్ట్రైసాండ్, అర్లిక్‌మన్‌ల పర్యవేక్షణలోనే ఆల్బమ్‌గా విడుదలయ్యాయి. అప్పటి సాంకేతికత శుభ్రం చేయలేని ధ్వనిని ఇప్పటి సాంకేతికత విడదీసి చక్కదిద్దింది. రెండు ఆల్బమ్‌లనూ పక్కపక్కన పెట్టి వింటే, స్టూడియోలో పాడిన పాటలు చాలావరకు క్లబ్బు టేపుల్లోనూ కనిపిస్తాయి. ఒత్తిడి వచ్చింది కానీ ఎంపిక మారలేదన్న ఆమె మాటకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన దేశంలో ఈ తగాదా వేరే రూపంలో వచ్చింది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ గాయకులకూ రాయల్టీలో వాటా ఉందని చెప్పింది. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లినప్పుడు, పాట ఎవరిదన్న మాట తెలుగు ఇళ్లలోనూ చర్చకు వచ్చింది. కానీ మన దగ్గర సినిమా గాయకుడు ఏ పాట పాడాలో ఎంచుకోవడమన్నది అసలు బేరంలోకే రాలేదు.

ఇప్పుడు అమెరికాలో బేరం సంవత్సరాల మీద నడుస్తోంది. పాడిన పాటను మళ్లీ పాడకుండా గాయకులను కట్టడి చేసే గడువు ఒకప్పుడు అయిదు నుంచి ఏడేళ్ల దాకా ఉండేది. స్విఫ్ట్ ఉదంతం తర్వాత పెద్ద కంపెనీలు దాన్ని పది, పదిహేను, కొన్నిచోట్ల ముప్పై ఏళ్లకు పెంచాలని అడుగుతున్నట్టు 2023లో అక్కడి పత్రికలు రాశాయి. యాజమాన్యం కోసం గాయకులు ఎంత గట్టిగా పోరాడితే కంపెనీలు అంతగా గడువు పెంచుతున్నాయి. ఆ కాగితాల మీద సంతకం పెట్టబోయే కొత్త గాయకుల న్యాయవాదులు గడువు గురించి అడిగినంత గట్టిగా, అందులో ఏ పాటలుండాలో ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా అడుగుతున్నట్టు మాత్రం ఆ వార్తల్లో ఎక్కడా కనిపించదు.