గులాబీ రంగు పడ్డ ఇల్లు

1957 గృహ చట్టం కింద బ్రిటన్ మునిసిపాలిటీలు గీయించిన కూల్చివేత పటాల్లో ముఖ్యంగా రెండు రంగులు కనిపించేవి. నివాసానికి పనికిరాదని తేల్చిన ఇంటికి గులాబీ వేసేవారు. ఇంట్లో ఏ లోపమూ లేకపోయినా, పక్కవాటితో కలిపి స్థలం సరిగ్గా రావడానికి కావలసిన ఇంటికి బూడిద రంగు పడేది. బూడిద రంగు ఇంటి యజమానికి మార్కెట్ ధర కట్టేవారు. గులాబీ ఇంటికి స్థలం విలువ మాత్రమే లెక్క, ఇటుకకూ కప్పుకూ తలుపుకూ ఏమీ రాదు. జీవితమంతా కూడబెట్టి కొనుక్కున్న ఇల్లు, మునిసిపల్ ఆఫీసులో ఎవరో కుంచె ముంచిన రంగును బట్టి, ఖాళీ స్థలంగా మారిపోయేది.

పాత ఇళ్లను కాపాడుకోవడానికి అక్కడి వీధులవాళ్లు యాభై ఏళ్లకు పైగా చేస్తున్న పోరాటాలు అర్థం కావాలంటే ఈ పటం నుంచే మొదలుపెట్టాలి. ఇల్లు పాడైంది కాబట్టి కూలుస్తున్నామని అధికారులు అంటారు. చాలా చోట్ల వరస తిరగబడింది: కూలుస్తామని ముందే రాసుకున్నారు కాబట్టి ఇల్లు పాడైంది.

ఇవి బంగళాలు కావు. విక్టోరియా రాణి కాలంలో మిల్లు కూలీలకూ, రేవు కూలీలకూ, గుమాస్తాలకూ కట్టిన వరసిళ్లు. ఇంగ్లిషులో వీటిని టెర్రస్ అంటారు. మనకు టెర్రస్ అంటే డాబా, వాళ్లకు గోడకు గోడ ఆనించి వీధి పొడవునా కట్టిన ఇళ్ల బారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, సున్నపు గార, పలకరాతి కప్పు, కింద రెండు గదులు, పైన రెండు, వెనక పెరట్లో మరుగుదొడ్డి. పరిశ్రమలున్న ప్రతి ఊళ్లోనూ ఇవి వేలల్లో ఉండేవి, అందుకే వీటిని చరిత్రగా ఎవరూ చూడలేదు. వారసత్వ జాబితాకెక్కాలన్నా అంతే: 1850కి ముందు కట్టిన ఇల్లు అసలు రూపంలో మిగిలితే చోటు దొరకడం తేలిక, ఆ తర్వాతి వాటిని ఏరి ఏరి తీసుకుంటారు. ఈ వీధుల్లో ఎక్కువ భాగం ఆ గీతకు అవతలే పడ్డాయి.

1930లో వచ్చిన చట్టం మురికివాడల తొలగింపుకు సర్కారు సొమ్ము ఇచ్చింది. యుద్ధం వల్ల ఆగిన పని 1955 తర్వాత ఊపందుకుని, రెండు దశాబ్దాల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పది లక్షలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. అందులో నిజంగా మనుషులు ఉండలేని కొంపలు చాలానే ఉన్నాయి, ఆ మాట దాచనక్కర్లేదు. చిక్కు పరీక్షలో ఉంది. మరమ్మతు స్థితి, నిలకడ, చెమ్మ, వెలుతురు, గాలి, నీటి సరఫరా, మురుగు పారుదల, వంట వసతి చూసి ఇల్లు పనికొస్తుందో లేదో తేల్చేవారు. చెమ్మ ఉందా అని చట్టం అడిగింది, ఎందుకొచ్చిందని అడగలేదు. చూరు గొట్టం పగిలి కారిన చెమ్మకూ పునాది నుంచి ఎక్కిన చెమ్మకూ పటం మీద ఒకటే గులాబీ. మొదటిది ఒక పూట పని.

1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే కొత్త బహుళ అంతస్తుల భవనంలో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కుప్పకూలింది. నలుగురు చనిపోయారు. పాత వీధులు పడగొట్టి ఎక్కిస్తున్నది ఇలాంటి వాటిలోకేనా అని జనం అడిగారు. మరుసటి ఏడాది వచ్చిన గృహ చట్టం 'సాధారణ అభివృద్ధి ప్రాంతం' అనే కొత్త మార్గం తెరిచింది. వీధిని కూల్చకుండా ఇంటింటికీ గ్రాంటు ఇచ్చి, స్నానాల గది, వేడినీళ్లు, లోపలే మరుగుదొడ్డి పెట్టించవచ్చు.

ఆ మార్గాన్ని మొట్టమొదట గట్టిగా వాడుకున్నవాళ్లలో మాక్లెస్‌ఫీల్డ్‌లోని బ్లాక్ రోడ్ వాసులు ఉన్నారు. అక్కడ ఇల్లు కొనుక్కున్న రాడ్ హాక్నీ అనే యువ ఆర్కిటెక్ట్ చేతులు కడుక్కునే సింకు పెట్టించుకోవడానికి గ్రాంటు అడిగితే, కూల్చబోయే ఇంటికి ఇవ్వమన్నారు. వీధివాళ్లు సంఘం కట్టారు. ప్రతి ఇంటినీ వాళ్లే కొలిచి, గోడ, కప్పు, దూలం వారీగా స్థితి రాసి, బాగుచేయడానికి ఎంత, కూల్చి కొత్తది కట్టడానికి ఎంత అని పక్కపక్కన లెక్క పెట్టారు. అర్జీలో కన్నీళ్లు తక్కువ, అంకెలు ఎక్కువ. 1970ల మొదట్లో మునిసిపాలిటీ దిగొచ్చింది. తొలి విడతలో 33 ఇళ్లు బాగుపడ్డాయి. పెరటి దొడ్లు పడగొట్టడం, రాళ్లు మోయడం వంటి మోటు పని నివాసులే చేసి కూలి ఖర్చు తగ్గించుకున్నారు. హాక్నీ తర్వాత బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 1967లో సంరక్షణ ప్రాంతాల చట్టం, 1974లో ఆ ప్రాంతాల్లో కూల్చివేతకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన సవరణ, 1975లో పాత కట్టడాల కోసం పోరాడే 'సేవ్ బ్రిటన్స్ హెరిటేజ్' సంస్థ పుట్టుక, అన్నీ ఆ కాలపు ఊపులోవే. ఇక ఈ గొడవ తీరిపోయిందనే చాలామంది అనుకున్నారు.

తీరలేదు. 2002లో జాన్ ప్రెస్కాట్ మంత్రిగా ఉన్నప్పుడు హౌసింగ్ మార్కెట్ రెన్యూవల్ అనే పథకం వచ్చింది. జనం నోట పాత్‌ఫైండర్ అయింది. ఉత్తర, మధ్య ఇంగ్లండ్‌లో తొమ్మిది ప్రాంతాలు. ఈసారి వాదన మురికి కాదు, గిరాకీ. ఇళ్లకు కొనేవాళ్లు లేరు, కొన్ని తీసేస్తే మిగతావాటికి ధర వస్తుందన్నారు. 1931లో 8.5 లక్షలున్న లివర్‌పూల్ జనాభా 2001 నాటికి 4.4 లక్షలకు పడిపోయిన మాట నిజమే. కానీ ఈ లెక్కలో ఇంటి ఆరోగ్యంతో పనే లేదు. గులాబీకీ బూడిదకూ తేడా చెరిపేసి వీధంతా ఒకే రంగు పూసినట్టు. 2011లో పథకం ఆగేసరికి 220 కోట్ల పౌన్లు ఖర్చయి, సుమారు 30 వేల ఇళ్లు కూలిపోయాయి.

కూల్చే దాకా ఏళ్లు పట్టేది, ఆ ఏళ్లలోనే ఇళ్లు చచ్చిపోయేవి. ఒక్కొక్కరినీ ఖాళీ చేయించగానే తలుపులకూ కిటికీలకూ ఇనుప రేకులు బిగిస్తారు. రేకు దొంగను ఎంత ఆపుతుందో తెలియదు గానీ గాలిని మాత్రం పూర్తిగా ఆపుతుంది. ముందు పోయేది సీసం. పొగగొట్టం కప్పును కలిసే చోట నీళ్లు దిగకుండా వేసే సీసపు రేకుకు తుక్కు బజారులో మంచి ధర. తర్వాత రాగి గొట్టాలు. వీధి కొళాయి దగ్గర సరఫరా ఆపకుండా వదిలేసిన ఇంట్లో గొట్టం కోస్తే నేల మీది చెక్క పలకలన్నీ నానిపోతాయి. చూరు కాలువను ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేసే మనిషి లేక ఆకులు నిండి నీళ్లు గోడ మీదుగా పొర్లుతాయి. దూలాల చివర్లు దూరి ఉండేది ఆ గోడలోనే. కర్రలో తేమ 20 శాతం దాటి నిలిచిపోతే డ్రై రాట్ అనే బూజు పడుతుంది. పేరుకు పొడి కుళ్లు, బతికేది మాత్రం తడి మీద. అది ఇటుకల సందుల్లోంచి పాకి అవతలి గదిలో కర్రను వెతుక్కుంటుంది, అవతలి గది పొరుగింటిదైనా సరే. అలా ఖాళీ ఇంటి రోగం మనుషులున్న ఇంటికి అంటుతుంది. బారు మధ్యలో ఒక ఇల్లు పడగొడితే ఇంకా ఘోరం. ఉమ్మడి గోడ వానకు తట్టుకునేలా కట్టింది కాదు, ఉన్నట్టుండి అది పక్కింటికి బయటి గోడ అయి కూర్చుంటుంది. ఐదారేళ్లు ఇలా గడిచాక సర్వేయరు వచ్చి ఇళ్లు పాడయ్యాయని రాస్తాడు. ఆయన రాసింది అబద్ధం కాదు.

అందుకని అనుభవమున్న సంఘాలు మొదట చేసేది నినాదాలు రాయడం కాదు, రేకు కొట్టకముందు ప్రతి ఇంటి ఫొటో తీసి తేదీ వేయడం. ఖాళీ ఇళ్ల చూరు కాలువలు శుభ్రం చేయమనీ, జారిన పలకలు సర్దమనీ, రేకుల్లో గాలి కంతలు పెట్టమనీ యజమానికి రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోవడం. బలవంతపు సేకరణ ఉత్తర్వు వెలువడితే అభ్యంతరానికి దొరికేది కనీసం 21 రోజులు. యజమానో అద్దెదారో అభ్యంతరం చెప్పి దాని మీద నిలబడితే బహిరంగ విచారణ దాకా వెళ్లొచ్చు. ఊరి మీద అభిమానంతో మద్దతు పలికేవాళ్ల ఉత్తరాలకు అంత బరువుండదు. లివర్‌పూల్‌లో సేవ్ సంస్థ కూల్చివేత వీధిలోనే ఒక ఇల్లు కొన్నది ఇందుకే. అప్పటినుంచి అది సానుభూతిపరుల సంఘం కాదు, హక్కుదారు.

విచారణలో ఒక్క మాట కూడా బరువు తూగుతుంది. లివర్‌పూల్‌లోని ఎడ్జ్ లేన్‌లో సేకరణకు ఆ ప్రాంతం సరిగా వాడుకలో లేనిదై ఉండాలని చట్టం. 'అధిక భాగం' సరిగా వాడుకలో లేకపోతే చాలని అధికారులు చదువుకున్నారు. చట్టంలో లేని ఆ మాటను ఎలా చేరుస్తారని ఒక నివాసి కోర్టుకెక్కితే, 2006లో హైకోర్టు ఉత్తర్వు కొట్టేసింది. అయితే అధికారులు కాగితాలు సరిచేసుకుని మళ్లీ వచ్చారు, 2008లో కొత్త ఉత్తర్వు నెగ్గింది, ఇళ్లు కూలాయి. కోర్టు గెలుపు చాలాసార్లు వ్యవధి కొనిపెడుతుంది, అంతకు మించి కాదు.

వ్యవధి పనికొచ్చిన చోటు అదే నగరంలోని వెల్ష్ వీధులు. వేల్స్ నుంచి వలస వచ్చిన మేస్త్రీలు కట్టిన వీధులు, పేర్లు కూడా అక్కడివే: మాడ్రిన్, వోలాస్, రివ్లాస్. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1940లో మాడ్రిన్ వీధి 9వ నంబరు ఇంట్లో పుట్టాడు. ఆ ఇల్లు పత్రికలకెక్కడం వల్ల మిగతా ఇళ్లకూ మేలు జరిగిందేమో గానీ, ఒక దశలో రింగో ఇల్లున్న ముక్క ఉంచి తక్కినవి తీసేద్దామన్న రాజీ బేరమూ దాని వల్లే వచ్చింది. 271 ఇళ్లు కూల్చి 150కి పైగా కట్టాలన్న పథకం మీద 2014లో బహిరంగ విచారణ నడిచింది. విచారణాధికారి సరేనన్నాడు. 2015 జనవరిలో మంత్రి ఎరిక్ పికిల్స్ ఆ సిఫార్సును పక్కనపెట్టి పథకాన్ని తిరస్కరించాడు. తర్వాత ప్లేస్‌ఫస్ట్ అనే సంస్థ వోలాస్ వీధితో మొదలుపెట్టి, కొన్నిచోట్ల రెండిళ్లు కలిపి ఒకటి చేసి, బాగుచేసి అద్దెకిచ్చింది. గిరాకీ లేదన్న ఇళ్లలో మళ్లీ మనుషులు చేరారు. అయితే అక్కడే పోరాడినవారిలో అందరికీ పాత ఇల్లే కావాలని లేదు. కారే కప్పుల కింద ఏళ్లు గడిపి, కొత్త ఇల్లిస్తే చాలన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను ద్రోహులుగా చూడటం తప్పు.

దగ్గర్లోనే ఉన్న గ్రాన్‌బీలో మిగిలింది నాలుగు వీధులు. 1981 అల్లర్ల తర్వాత ఆ పేట మీద పడ్డ ముద్ర పోలేదు. అక్కడివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, విచారణ కోసం ఎదురుచూడలేదు. రేకు కొట్టిన కిటికీల మీద తెరలూ పూలకుండీలూ బొమ్మలు గీశారు, కాలిబాట మీద మొక్కలు పెట్టారు, నెలకోసారి వీధి సంత పెట్టారు. 2011లో కమ్యూనిటీ లాండ్ ట్రస్టుగా, అంటే స్థలాన్ని స్థానికుల కోసం ఉమ్మడిగా అట్టిపెట్టే సంస్థగా నమోదై, కెయిర్న్స్ వీధిలో పది ఇళ్లు మునిసిపాలిటీ నుంచి సంపాదించారు. అయిదు అమ్మకానికి, అయిదు తక్కువ అద్దెకు. అమ్మిన ఇల్లు మళ్లీ అమ్మినా ధర స్థానిక ఆదాయాలను దాటిపోకుండా పత్రంలోనే కట్టుబాటు రాశారు. అసెంబుల్ అనే డిజైనర్ల బృందం పని చేపట్టింది. శిథిలాల రాళ్లు, ఇటుక ముక్కలు సిమెంటులో కలిపి పొయ్యి చట్రాలు పోశారు. 2015లో ఆ బృందానికి కళాకారులకిచ్చే టర్నర్ బహుమతి వచ్చింది. కప్పూ నేలలూ పోయి గోడలే మిగిలిన రెండిళ్లను మళ్లీ ఇళ్లు చేయడం దండగని, అద్దాల కప్పు వేసి లోపల చెట్లు పెంచారు. 2019లో తెరిచిన ఆ తోట అందంగా ఉంది, కానీ అది రెండు కుటుంబాలు ఉండగలిగిన చోటు కూడా.

పది ఇళ్లకు ఇంత శ్రమ ఎందుకంటే జవాబు పన్ను చట్టంలో ఉంది. బ్రిటన్‌లో కొత్త ఇల్లు కడితే విలువ ఆధారిత పన్ను సున్నా. ఉన్న ఇంటి మరమ్మతుకు 2011 నుంచి 20 శాతం. జాబితాకెక్కిన వారసత్వ భవనాల్లో అనుమతి పొందిన మార్పులకు ఉన్న మినహాయింపును కూడా 2012 అక్టోబరులో తీసేశారు. రెండేళ్లు ఖాళీగా పడి ఉన్న ఇంటికి రాయితీ రేటు 5 శాతం. అంటే మనుషులుండగా కప్పు వేయిస్తే 20, వాళ్లు వెళ్లిపోయి రెండేళ్లు చెమ్మ పట్టాక వేయిస్తే 5, పడగొట్టి కొత్తది కడితే ఏమీ లేదు.