గారె చిల్లు, కారు చక్రం

చిరంజీవులు చిన్నికి, బంటికి తాతయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. సంక్రాంతికి మీ బాబాయి మారుతి స్విఫ్ట్ కారులో మీరు, నానమ్మ వెనక సీట్లో కూర్చున్నారనీ, వీధి చివర గతుకు దాటగానే "గర్ర్"మని చప్పుడు వచ్చిందనీ, దిగి చూస్తే వెనక టైరు భుజం మీద, అంటే నేలకు తగిలే భాగం పక్క గోడ వైపు తిరిగే అంచున, కత్తితో చెక్కినట్టు గీత పడిందనీ రాశారు. చిన్ని అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "బాబాయి స్ప్రింగులు మార్పించి కారు 35 మిల్లీమీటర్లు కిందికి దించాడు. కానీ చక్రాలు పెద్దవి వేయించాడు కదా, కారు మళ్ళీ పైకి లేవాలి కదా తాతయ్యా? మరి ఎందుకు గోకుతోంది?"

కారు లేచింది చిన్నీ. ఏడున్నర మిల్లీమీటర్లు లేచింది. అది గోకడానికి కూడా ఆ ఏడున్నర ఒక కారణం. ఇదెలాగో తెలియాలంటే ముందు వంటింట్లోకి వెళ్ళి, నానమ్మ గారెలు వేస్తుంటే పక్కన కూర్చోండి.

తడి ఆకు మీద పిండి ముద్ద పెట్టి, వేళ్ళతో అదిమి, మధ్యలో చిల్లు పెడుతుంది చూడండి. గారె బయటి చుట్టు మారకుండా చిల్లు ఒక్కటే పెద్దది చేస్తే, చుట్టూ ఉన్న కండ సన్నబడుతుంది. కారు చక్రమూ అంతే. 15, 16, 17 అని షాపువాళ్ళు చెప్పే ఇంచులు చిల్లు కొలత, అంటే రిమ్ముది. చుట్టూ ఉండే కండ టైరు. కారు ఎంత ఎత్తున నిలబడుతుందో తేల్చేది గారె బయటి చుట్టే. 17 ఇంచుల చక్రం వేసినా కండ తగ్గించుకుంటే కారు అంగుళం కూడా లేవదు.

ఇప్పుడు లెక్కల పుస్తకం తీయండి. స్విఫ్ట్‌కు కంపెనీ ఇచ్చే ఒక టైరు మీద 185/65 ఆర్15 అని ఉంటుంది. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో నూటికి 65 వంతులు పక్క గోడ ఎత్తు, అంటే 120.25. గోడ పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెట్టింపు చేస్తే 240.5. రిమ్ము 15 ఇంచులు, ఇంచుకు 25.4 చొప్పున 381. రెండూ కలిపితే 621.5 మిల్లీమీటర్లు. ఇదీ గారె బయటి కొలత.

అదే కారు తక్కువ రకానికి కంపెనీ 165/80 ఆర్14 ఇచ్చింది. బంటి, ఇది నువ్వు చెయ్యి. 619.6 వస్తుంది. రెండింటికీ తేడా రెండు మిల్లీలు కూడా లేదు. చిల్లు ఒక ఇంచు మారినా బయటి చుట్టును కంపెనీ కదలనివ్వలేదు. బ్రేకులు, గేర్లు, స్పీడు చూపించే ముల్లు, చక్రం తిరిగే గూడు అన్నీ ఆ చుట్టును నమ్ముకునే తయారయ్యాయి.

16 ఇంచులకు వెళ్ళాలంటే 195/55 ఆర్16. అది 620.9. దాదాపు సమానం. 17 అయితే 205/45 ఆర్17, అది 616.3. అంటే పెద్ద చక్రం వేసినా కారు రెండున్నర మిల్లీలు కిందికే దిగుతుంది!

మీరు రాసిన అంకెల ప్రకారం బాబాయి వేయించింది 205/50 ఆర్17. లెక్కేస్తే 636.8. పాతదానికంటే 15.3 ఎక్కువ. అందులో సగం ఇరుసు కింద, సగం ఇరుసు పైన. కింది సగం కారును ఏడున్నర మిల్లీలు పైకి లేపింది. పై సగం టైరు నెత్తిని అంతే ఎత్తు, చక్రం మీద కప్పినట్టుండే కారు రేకు వైపు నెట్టింది. స్ప్రింగు అప్పటికే రేకును 35 కిందికి తెచ్చింది. కాబట్టి టైరుకూ రేకుకూ మధ్య ఖాళీ 35తో ఆగలేదు, నలభై రెండున్నర పోయింది. మూకుడు చిన్నదై, గారె పెద్దదై, అంచుకు అంటుకున్నట్టయింది. పైగా స్పీడు ముల్లు అంతకుముందు సరిగ్గా చూపేదనుకుంటే, ఇప్పుడు 100 చూపించినప్పుడు కారు 102 దాటి పోతూ ఉంటుంది.

ఇది ఎత్తు సంగతి. గోకడానికి అంతకంటే పెద్ద కారణం వెడల్పులో ఉంది. గారెను వదలొద్దు, ఇంకా పని ఉంది.

వేడి తగ్గిన గారెను చూపుడు వేలికి తొడగండి. గోరు వైపు జరిపితే బయటికి పొడుచుకొస్తుంది, అరచేతి వైపు జరిపితే లోపలికి పోతుంది. మీ వేలు కారు హబ్బు, అంటే చక్రాన్ని బిగించే చోటు. గారె ఎక్కడ నిలిచిందో చెప్పే అంకెను ఆఫ్‌సెట్ అంటారు, రిమ్ము మీద ఈటీ అని పోతపోసి ఉంటుంది. ఈటీ పెరిగితే చక్రం అరచేతి వైపు, అంటే షాకబ్జర్ వైపు పోతుంది. తగ్గితే గోరు వైపు, అంటే రేకు అంచు వైపు వస్తుంది. గారె మందం రిమ్ము వెడల్పు. దాన్ని కూడా ఇంచుల్లోనే 5½జె, 6జె, 7జె అని రాస్తారు.

పాత రిమ్ము 5½జె, ఈటీ 40 అనుకుందాం. (మన కారు రిమ్ము వెనక ఏముంటే అదే వాడాలి, ఇది లెక్క నేర్చుకోవడానికి.) 5½ ఇంచులంటే 139.7 మిల్లీలు, సగం 69.85. అందులోంచి 40 తీసేస్తే 29.85. హబ్బు నుంచి రిమ్ము బయటికి వచ్చేది అంత. 40 కలిపితే 109.85. లోపలికి పోయేది అంత. బాబాయి కొత్త రిమ్ములు 7జె, ఈటీ 35. సగం 88.9. బయటికి 53.9, లోపలికి 123.9. అంటే రేకు వైపు 24 మిల్లీలు, షాకబ్జర్ వైపు 14 మిల్లీలు జరిగింది. 24 మిల్లీలంటే బంటి బొటనవేలు వెడల్పు కంటే ఎక్కువ. రిమ్ము బిగించిన మనిషి ఈ తీసివేత ఒక్కటి చేసి ఉంటే మీకు ఆ చప్పుడు వినపడేది కాదు.

వెనకే ఎందుకు గోకింది, ముందు ఎందుకు గోకలేదు? స్విఫ్ట్ వెనక రెండు చక్రాలకూ కలిపి అడ్డంగా ఒకే ఇనప దూలం ఉంటుంది. కారు కిందికి దిగినా ఆ చక్రాలు దాదాపు నిటారుగానే నిలబడతాయి. ముగ్గురు కూర్చుని గతుకు తగిలితే టైరు భుజం తిన్నగా పైకి వెళ్ళి, రేకు అంచున లోపలికి మడిచిన పెదవికి తగులుతుంది. ముందు చక్రాలు అలా కాదు. దించిన కారులో వాటి నెత్తి కొంచెం లోపలికి వాలుతుంది కాబట్టి రేకు అంచు నుంచి తప్పించుకుంటాయి. కానీ స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనరుకు రాసుకుంటాయి. స్ప్రింగులు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే వాటి లోపలి అంచు బోడిగుండు అయిపోతుంది. బయటి నుంచి చూస్తే గీతలు నిండుగా కనిపిస్తాయి. కూర్చుని లోపలి అంచు మీద వేలు పెట్టి చూడాలి.

మా చిన్నప్పుడు ఊళ్ళో కొలిమి దగ్గర బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించే రోజు బడికి పోయేవాళ్ళం కాదు. ఆకులన్నీ బిగించిన కొయ్య చక్రం నేల మీద పరిచి ఉండేది. కమ్మరి తాత ముందు దాని చుట్టూ తాడు తిప్పి కొలిచేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ కొలత కంటే పట్టా కాస్త పొట్టిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పటకార్లతో పట్టుకొచ్చి చక్రం మీద దించేవాళ్ళు. కాలితే సాగుతుంది కాబట్టి ఎక్కేది. నీళ్ళు పోయగానే చుయ్యిమని పొగ లేచి, పట్టా బిగుసుకుని, కొయ్య కీళ్ళు కిర్రుమనేవి. తాడు కొలత తప్పితే పట్టా వదులై దారిలోనే ఊడిపోతుంది. అందుకే ఆ తాత కొలవకుండా కొలిమి అంటించేవాడు కాదు.

కారు దగ్గరా వరస అదే. ముందు స్ప్రింగులు మార్చాలి. కొత్త స్ప్రింగు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకొంచెం కుదురుకుంటుంది, అప్పటిదాకా ఆగాలి. అలైన్‌మెంట్ చేయించాలి. ఆ తర్వాత కొలవాలి. రిమ్ములు కొనేది అన్నిటికంటే చివర. కొలిచేటప్పుడు కారు ఖాళీగా ఉండకూడదు. వెనక ముగ్గురు, డిక్కీలో సామాను ఉండాలి. మీ బాబాయి కొలవకుండానే రిమ్ములు కొనేశాడు.

చపాతీ పిండి నిమ్మకాయంత తీసుకుని, షాకబ్జర్ గొట్టానికీ దాని మీది స్ప్రింగు పళ్ళేనికీ టైరు వైపు అంటించండి. చక్రం బిగించి, కారును మెల్లగా వీధి చివరి దాకా నడిపించి, చక్రం విప్పి చూడండి. పిండి ఎంత మందం మిగిలిందో అంతే ఖాళీ. 5 మిల్లీల కంటే తక్కువ మిగిలితే ఆ రిమ్ము వద్దు. బయటి వైపు చూడాలంటే టైరు భుజం మీద సుద్దముక్కతో చుట్టూ దట్టంగా గీయండి, ముగ్గుపిండి రాసినా సరే. అందరినీ ఎక్కించుకుని ఒక గతుకు దాటి రండి. రేకు పెదవి మీదో లైనరు మీదో తెల్లమచ్చ కనిపిస్తే తగిలేది అక్కడే. స్టీరింగు చివరిదాకా తిప్పి వెనక్కి నడిపించడం మరిచిపోవద్దు, ముందుకు తగలనిది వెనక్కి తగలొచ్చు.

రేకు పెదవిని వేడి చేసి మడిచేస్తే సరిపోతుందని బాబాయికి ఎవరో చెప్పారట. మడవొచ్చు. రంగు పగిలిందంటే, ఒక వానాకాలం గడిచేసరికి అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. నాకైతే ఇష్టం లేదు.

మిగతావి త్వరగా చెబుతాను. ఈ కారుకు నాలుగు నట్లు, అవి కూర్చునే వలయం అడ్డుకొలత 100 మిల్లీలు, దాన్ని పీసీడీ అంటారు. 98 వలయం ఉన్న రిమ్మును బలవంతంగా బిగిస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది, నట్లు వంకరగా కూర్చుంటాయి. హబ్బు మధ్య గుండు 54.1 మిల్లీలు. బయట దొరికే రిమ్ములు చాలా కార్లకు పట్టాలని మధ్య చిల్లు 67.1 లేదా 73.1 పెట్టి పోస్తారు. ఆ సందులోకి సరిపడే ఉంగరం వేయకపోతే 80, 90 వేగంలో స్టీరింగు వణకొచ్చు. అలాంటి వణుకు బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. నట్టు కూర్చునే చోటు ఏటవాలుగా ఉండే రిమ్ముకు గుండ్రటి చివర ఉన్న నట్టు వాడకూడదు. ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రెంచితో చూడాలి.

టైరు మీద సైజు పక్కనే ఇంకో అంకె ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 195/55 ఆర్16 మామూలు రకంలో 87 ఉంటుంది, అంటే 545 కిలోలు. 205/45 ఆర్17 మామూలు రకంలో 84, అంటే 500 కిలోలే. కండ సన్నబడితే మోసే బలం తగ్గుతుంది, పల్చటి గారె మూకుట్లోనే విరిగినట్టు. అందుకని ఎక్స్‌ఎల్, అంటే ఎక్కువ బరువు మోసే రకం, అని రాసి ఉన్నది అడగాలి. 16కు 91, 17కు 88 దొరుకుతుంది. గాలి కూడా దానికి తగ్గట్టు పెట్టాలి.

కండ సంగతి వచ్చింది కాబట్టి గుంతల మాట. 15లో గోడ ఎత్తు 120 మిల్లీలు. 16లో 107. 205/45 ఆర్17లో 92. వానాకాలం నీళ్ళు నిండిన గుంతలో దిగితే ఆ గోడ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, పక్కన కోడిగుడ్డంత ఉబ్బుతుంది. ఉబ్బిన టైరును బాగుచేయలేరు, పారేయాల్సిందే. మన రోడ్ల మీద, దించిన స్విఫ్ట్‌కు నేనైతే 195/55 ఆర్16, 6జె రిమ్ము, ఈటీ 40 దగ్గర ఆగుతాను. పైన వేసుకున్న లెక్క ప్రకారం బయటికీ లోపలికీ ఆరున్నర మిల్లీలలోపే జరుగుతుంది. పిండి ముద్ద, సుద్దముక్క రెండూ ఒప్పుకుంటేనే.

ఇంకోటి. స్పీడ్ బ్రేకరు మీద కడుపు తగిలితే చక్రాలను తిట్టొద్దు. మన దేశంలో రోడ్ల కొలతలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. అది చెప్పిన బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవు. స్విఫ్ట్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.45 మీటర్లు. కారు మొత్తం ఆ గుట్ట మీదే ఉంటుంది కాబట్టి కడుపు వైపు గుట్ట పొడుచుకొచ్చేది దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లే. మీ కాలనీలో వేసినది అడుగు వెడల్పు, జానెడు ఎత్తు. దాన్ని దాటేటప్పుడు ఆ ఎత్తంతా నేరుగా కారు కడుపు కిందే నిలబడుతుంది. మామూలుగా 163 మిల్లీల ఖాళీ ఉన్న కారు 35 దిగితే మిగిలింది 128. ఏ రిమ్ము వేసినా ఆ తేడా తీరదు.

ఈ ఆదివారం బాబాయి వచ్చినప్పుడు టార్చిలైటు, టేపు పట్టుకుని కారు పక్కన పడుకోండి. పాత బట్టలు వేసుకోండి, కారు జాకీ మీద ఉంటే మాత్రం కిందికి దూరొద్దు. రిమ్ము ఆకుల వెనక్కి వెలుగు వేస్తే పోతపోసిన అంకెలు కనిపిస్తాయి, బురద ఉంటే తడిగుడ్డతో తుడవండి. అటక మీది పాత రిమ్ము వెనక కూడా చూసి, రెండింటి జె, ఈటీ పక్కపక్కన రాసి, తీసివేత మీరే చేసి నాకు పంపండి. వెనక రేకు పెదవి మీద వేలితో మెల్లగా తడిమి, రంగు ఎక్కడ లేచిందో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి బొమ్మ గీయండి. రెండు వైపులా ఒకేలా ఉండదు. ఎందుకో వచ్చే ఉత్తరంలో మీరే రాయాలి.

మీ
తాతయ్య