చిన్న దీవులకు వచ్చే పర్యావరణ నిధులు: అపోహలు - వాస్తవాలు

చిన్న దీవి దేశాల్లో విదేశీ నిధులతో నడిచే పర్యావరణ ప్రాజెక్టుల ఖర్చులు, పనితీరు చూడటం నా ఉద్యోగం. సెలవులకు ఊరొస్తే ఏటా అవే ప్రశ్నలు ఎదురవుతాయి. అందుకే ఈసారి రాసి పెట్టేస్తున్నాను.

అపోహ: ఎలాగూ మునిగిపోయే దీవులకు డబ్బెందుకు?

వాస్తవం: పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల దేశం తువాలునే తీసుకుందాం. అక్కడి 101 దీవులు 1971 నుంచి 2014 దాకా ఎలా మారాయో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. తేలిందేమిటంటే, మొత్తం భూమి 2.9 శాతం పెరిగింది! అలలు పగడపు ఇసుకను ఒకచోట కోసి మరోచోట మేట వేస్తాయి. అలాగని భయం లేదనుకోకండి. దీవి జరిగితే దాని మీది ఇల్లు జరగదు కదా. పైగా నేల కన్నా ముందు నీళ్లు పాడవుతాయి. ఇసుక కింద, ఉప్పునీటి మీద తేలుతూ పల్చటి మంచినీటి పొర ఒకటి ఉంటుంది. పెద్ద అల ఒడ్డు దాటి వచ్చిందంటే అందులోకి ఉప్పు దిగుతుంది. తువాలు వాళ్లు ఆ నీరు తగిలేదాకా గుంతలు తవ్వి పులాకా అనే చామజాతి దుంప పండిస్తారు. ముందు దెబ్బ తినేది ఆ గుంతలే. సముద్రం దగ్గర బోరు వేయించిన మా కోనసీమ చుట్టాలకు ఇది రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

అపోహ: డబ్బు నేరుగా అక్కడి సర్కారు చేతికిస్తారు, వాళ్లు మింగేస్తారు.

వాస్తవం: అవినీతి అసలే ఉండదని నేననను. కానీ వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి, దక్షిణ కొరియా నుంచి పనిచేసే గ్రీన్ క్లైమేట్ ఫండ్, తాను గుర్తించిన సంస్థల ద్వారానే డబ్బిస్తుంది. తువాలు తీర రక్షణ ప్రాజెక్టుకు ఆ సంస్థ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం. 2016లో 3.6 కోట్ల డాలర్లు మంజూరైతే, రాజధాని ఫునాఫుటిలో కొత్త నేల పూర్తయ్యేసరికి 2023 చివరికొచ్చింది. నేను ఎక్కువగా వినే ఫిర్యాదు తిన్నారని కాదు, ఆలస్యమైందని. చిన్న దేశంలో గుప్పెడు మంది అధికారులుంటారు. పొద్దున ఒక దాతకు, సాయంత్రం ఇంకో దాతకు నివేదికలు రాసేది వాళ్లే.

అపోహ: తువాలులో ఉండే 11 వేల మందికి అంత డబ్బా?

వాస్తవం: తలకు 3 వేల డాలర్లు దాటుతుంది, నిజమే. అయితే పగడపు దీవిలో కొండ లేదు, క్వారీ లేదు. యంత్రం, సిమెంటు, చివరికి నట్టూ బోల్టూ కూడా ఓడలోనే రావాలి. ఒక్క విడిభాగం మర్చిపోతే పని ఆగిపోతుంది, తర్వాతి ఓడ కోసం టెన్షన్ పడుతూ కూర్చోవాలి. ఫునాఫుటిలో లగూన్ (దీవుల మధ్య ఉండే లోతు తక్కువ సముద్రపు నీరు) అడుగు నుంచి ఇసుక తోడి 780 మీటర్ల పొడవు, 100 మీటర్ల దాకా వెడల్పుతో ఎత్తైన నేల పోశారు. రమారమి 18 ఎకరాలు. మన దగ్గర అది ఒక వెంచర్. అక్కడ దేశానికే పెద్ద స్థలం.

అపోహ: తీరాన్ని కాపాడటానికి మడ మొక్కలు నాటితే చాలు.

వాస్తవం: కోరింగ చూసినవాళ్లకు తెలుసు, మడకు బురద, నెమ్మదైన పోటుపాట్లు కావాలి. అలలు నేరుగా కొట్టే ఒడ్డున నాటితే ఫొటోకే పనికొస్తుంది. నాటిన లెక్క అడగొద్దు, బతికిన లెక్క అడగండి.

అపోహ: ఒకసారి కట్టేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: 2014 డిసెంబరులో మాల్దీవుల రాజధాని మాలేలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు కాలిపోయి ఊరంతా తాగునీటికి అల్లాడింది. మన దేశం విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది. మరుసటి ఏడాది గ్రీన్ క్లైమేట్ ఫండ్ మాల్దీవుల మారుమూల దీవుల నీటి ప్రాజెక్టుకు 2.36 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. వాననీటినీ ఉప్పు తీసిన నీటినీ కలిపి సరఫరా చేసే పథకమది. ఇలాంటి ప్రతిపాదన నా బల్ల మీదికొస్తే డిజైన్ కన్నా ముందు ఒక పేజీ వెతుకుతాను: ప్రాజెక్టు గడువు ముగిశాక కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఫిల్టర్లు ఎవరు కొంటారు? చాలాసార్లు ఆ పేజీ అరపేజీయే ఉంటుంది.