కిడ్నీలో గడ్డకు ఎమ్మారై: అపోహలు - వాస్తవాలు

అపోహ: సీటీ కంటే ఎమ్మారై గొప్పది, నేరుగా అదే తీయించుకోవాలి.

చాలామందికి కాంట్రాస్ట్ (చిత్రంలో గడ్డ స్పష్టంగా కనిపించేలా రక్తనాళంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తీసిన సీటీయే సరిపోతుంది. అక్కడ తేలని ప్రశ్న మిగిలితే ఎమ్మారై పనికొస్తుంది. గడ్డ సిరలోకి పాకిందా, పాకితే ఎంతవరకు? కాంట్రాస్ట్ ఇచ్చాక సీటీలో సాంద్రత 10 నుంచి 20 యూనిట్లే పెరిగితే అది నీటి తిత్తా, నెమ్మదిగా కాంట్రాస్ట్ పీల్చే కణితా? గర్భిణులకు, సీటీలో వాడే అయోడిన్ కాంట్రాస్ట్ పడనివారికి కూడా ఎమ్మారైయే దారి. గర్భిణులకు మాత్రం మామూలుగా కాంట్రాస్ట్ లేకుండానే తీస్తాం. డాక్టర్ చీటీలో 'కిడ్నీ గడ్డ' అని మాత్రమే రాస్తే లాభం లేదు, ఏం తేల్చాలో కూడా రాయాలి.

అపోహ: ఎమ్మారై తీస్తే క్యాన్సరో కాదో తేలిపోతుంది.

కొన్నిసార్లు దాదాపు తేలిపోతుంది. కొవ్వు సిగ్నల్‌ను అణచి తీసిన చిత్రాల్లో గడ్డలో కొంత భాగం నల్లబడితే అందులో కొవ్వు ముద్దగా ఉన్నట్టు. అది సాధారణంగా యాంజియోమయోలైపోమా, క్యాన్సర్ కాదు. క్లియర్ సెల్ అనే రకం కిడ్నీ క్యాన్సర్‌లో కొవ్వు కణాల లోపల సూక్ష్మంగా ఉంటుంది. అది ఇన్-ఫేజ్ (కొవ్వు, నీటి సిగ్నళ్లు కలిసే), అవుట్-ఆఫ్-ఫేజ్ (అవి ఒకదాన్నొకటి తగ్గించే) చిత్రాలను పక్కపక్కన పెడితేనే బయటపడుతుంది. టీ2 చిత్రంలో (నీరు తెల్లగా కనిపించే ఎమ్మారై చిత్రం) క్లియర్ సెల్ తరచుగా తెల్లగా, పాపిల్లరీ రకం నల్లగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే, కొవ్వు తక్కువున్న యాంజియోమయోలైపోమా కూడా నల్లగానే ఉంటుంది! ఆంకోసైటోమా అయితే క్యాన్సర్ కాకపోయినా క్రోమోఫోబ్ క్యాన్సర్‌లాగే కనిపించి చిత్రాలు చదివే మమ్మల్ని తికమక పెడుతుంది. ఇలాంటప్పుడు బయాప్సీ అడగడానికి నేను మొహమాటపడను. 4 సెంటీమీటర్ల లోపు గడ్డల్లో సుమారు అయిదింట ఒకటి క్యాన్సర్ కాదు, తొందరపడి కిడ్నీ తీయించుకోనక్కర్లేదు.

అపోహ: గడోలినియం కిడ్నీలను పాడుచేస్తుంది.

గడోలినియం అంటే ఎమ్మారైలో ఇచ్చే కాంట్రాస్ట్ మందు. ఈ భయానికి కారణం ఉంది, కానీ అది కిడ్నీలు పాడవడం కాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో చర్మం గట్టిపడే ఎన్‌ఎస్‌ఎఫ్ అనే జబ్బుకు, గడోలినియానికి సంబంధం ఉందని 2006లో బయటపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడే గ్రూప్-2 రకం గడోలినియం మందులతో ఆ ముప్పు చాలా చాలా తక్కువ. అయినా ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత శక్తిని చెప్పే రక్తపరీక్ష అంకె) 30 కంటే తక్కువుంటే, డయాలసిస్‌లో ఉంటే ముందే చెప్పండి.

అపోహ: కదలకుండా పడుకుంటే చాలు.

ఊపిరి కూడా ముఖ్యమే. కాంట్రాస్ట్‌కు ముందు తీసిన చిత్రాన్ని తర్వాతి దాంట్లోంచి తీసివేసి, మిగిలిన వెలుగును చూస్తాం. రెండుసార్లూ ఊపిరి ఒకే చోట ఆపకపోతే కిడ్నీ జరుగుతుంది, మామూలు తిత్తి అంచు కూడా కణితిలా మెరుస్తుంది. ఊపిరి ఎక్కువసేపు ఆపలేకపోతే లోపలికి వెళ్లకముందే టెక్నీషియన్‌కు చెప్పండి. గాలి బయటికి వదిలేశాక ఆపే పద్ధతి నేర్పిస్తారు, అలా అయితే కిడ్నీ ప్రతిసారీ దాదాపు ఒకే చోట ఉంటుంది.