అంబేడ్కర్ బాల్యం వెనకున్న పటాలం

అంబేడ్కర్ చిన్నతనం అనగానే అందరికీ గుర్తొచ్చేది గోనెపట్టా. తరగతిలో విడిగా కూర్చోవడానికి దాన్ని ఇంటి నుంచి తెచ్చుకోవాలి, సాయంత్రం మళ్లీ చుట్టి పట్టుకుపోవాలి. దాహమేస్తే ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్లూ లేవు. ఇది ఆయనే రాసిపెట్టిన సంగతి. అయితే ఆ పట్టా మీద కూర్చున్న పిల్లవాడి ఇంట్లో అప్పటికే చదువు, పింఛను ఎలా ఉన్నాయన్నది జయంతి సభల్లో పెద్దగా వినపడదు. ఆ కథ సైన్యంలో మొదలవుతుంది.

తాత మాలోజీ సక్పాల్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేశారు. తండ్రి రామ్‌జీ సుబేదారు దాకా ఎదిగారు. తల్లి భీమాబాయి పుట్టింటివాళ్లూ పటాలం మనుషులే. అప్పట్లో సిపాయిల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, చదువు తప్పనిసరి. అంబేడ్కర్ కులమైన మహర్లకు, అంటరానివాళ్లంటూ ఊళ్లో బడి గడప తొక్కనివ్వని వాళ్లకు, కంటోన్మెంటులో అక్షరం దొరికింది. రామ్‌జీ అక్కడ చదువుకోవడమే కాదు, 14 ఏళ్లు సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా చేశారు. ఆయన ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌ కంటోన్మెంటులో ఉండగా 1891 ఏప్రిల్ 14న భీమ్‌రావ్ పుట్టారు. ఆ దంపతులకు 14వ సంతానం. బతికి బట్టకట్టినవాళ్లు ఐదుగురే.

సరిగ్గా ఆ రోజుల్లోనే తలుపు మూసుకుంది. ఫలానా కులాలే యుద్ధానికి పనికొస్తాయనే సిద్ధాంతం బ్రిటిష్ సైన్యాధికారుల తలకెక్కి, 1890ల మొదట్లో మహర్లను చేర్చుకోవడం ఆపేశారు. తరాల తరబడి ఆ కొలువునే నమ్ముకున్న కుటుంబాలకు అది కొలువు పోవడం ఒక్కటే కాదు, పిల్లల చదువుకు దారి పోవడం కూడా. దాపోలీలో స్థిరపడిన మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్కర్ 1894లో దీనిమీద అర్జీ రాశారు. ఫలితం లేదు. రామ్‌జీ పదవీ విరమణ చేసి దాపోలీకి, తర్వాత సాతారాకు చేరారు. అక్కడే తల్లి పోయింది. పిల్లల్ని మేనత్త సాకింది.

కంటోన్మెంటు గోడ దాటితే ఏముంటుందో 1901లో తెలిసొచ్చింది. తండ్రి గోరేగావ్‌లో, కరువు పనుల కింద తవ్వుతున్న చెరువు దగ్గర క్యాషియరు. సెలవులకు రమ్మని రాస్తే పిల్లలు కొత్త చొక్కాలు, జరీ టోపీలు, పట్టు అంచు పంచెలతో రైలెక్కి మసూర్‌లో దిగారు. వాళ్ల ఉత్తరం తండ్రికి అందలేదు, తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఆ బట్టలు చూసి ఆదరంగా పలకరించిన స్టేషన్ మాస్టరు, మహర్లమని వినగానే మొహం మార్చుకున్నాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు, పిల్లలే బండి తోలాలి, తాను పక్కన నడుస్తానన్న షరతుతో. దారిలో టోల్ గేటు దగ్గర నీళ్లడిగితే పుట్టలేదు. వెంట తెచ్చుకున్న అన్నం అలాగే ఉండిపోయింది. గొంతు తడవకుండా ముద్ద దిగదు కదా.

1904లో కుటుంబం బొంబాయి వచ్చింది. పరేల్‌లో చాల్ (కార్మికులు అద్దెకుండే గదుల భవనం), ఒకటే గది. రాత్రి పిల్లవాడు ముందు పడుకునేవాడు, రామ్‌జీ రెండు దాకా మేలుకుని అతన్ని లేపి, ఆ చోట్లో తాను పడుకునేవారు. నెలకు 50 రూపాయల పింఛను పుస్తకాలకు చాలేది కాదు. పెళ్లయిన కూతుళ్ల దగ్గరికెళ్లి, చేబదులు దొరక్కపోతే నగ తీసుకుని కుదువపెట్టి, పింఛను రాగానే విడిపించేవారట. అంబేడ్కర్ ఎదుగుదలలో బరోడా మహారాజు ఉపకార వేతనానికి ఇచ్చినంత చోటు ఈ తాకట్టు నగలకు ఎవరూ ఇవ్వరు. నా లెక్కలో ఇవి ముందు. 1907లో మెట్రిక్, 1912లో బి.ఏ. అయ్యాయి. 1913 ఫిబ్రవరి 2న రామ్‌జీ కన్నుమూశారు. అదే ఏడాది కొడుకు కొలంబియా విశ్వవిద్యాలయానికి బయల్దేరారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో ఒక మహర్ దళాన్ని లేపారు. అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధం నాటికి అంబేడ్కర్ వైస్రాయ్ ఏర్పాటు చేసిన జాతీయ రక్షణ మండలిలో సభ్యుడు. మహర్లను మళ్లీ సైన్యంలోకి తీసుకోవాలని పట్టుబట్టారు. 1941 అక్టోబర్‌లో బెల్గాంలో మహర్ రెజిమెంట్ ఏర్పాటైంది.