బైబిళ్లు అమ్మిన డబ్బుతో కట్టిన మ్యూజియంలో కోతి తాత గొడవ

నేను ఇంటర్లో బైపీసీ చదివేటప్పుడు, పరిణామ సిద్ధాంతం పాఠం మొదలుపెట్టే ముందు మా జువాలజీ సారు ఒక కథ చెప్పారు. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో పెద్ద సభ జరిగిందట, అందులో ఒక బిషప్ లేచి డార్విన్ తరఫున మాట్లాడటానికి వచ్చిన హక్స్‌లీని "కోతి మీకు తాత వైపు చుట్టమా, నాయనమ్మ వైపు చుట్టమా" అని ఎగతాళి చేశాడట, హక్స్‌లీ ఏమాత్రం తడుముకోకుండా "తెలివితేటలుండి కూడా వాటిని ఇలా వెక్కిరింతకు వాడే మనిషి కంటే నాకు కోతి తాతే నయం" అని నోరు మూయించాడట, ఆ రోజుతో చర్చి ఓడి సైన్స్ గెలిచిందట. క్లాసంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఇప్పటికీ ఎక్కడ సైన్సూ మతం గురించి వాదన మొదలైనా ఎవరో ఒకరు ఈ కథే చెబుతారు, అందుకే దీని వెనక అసలు ఏం జరిగిందో కాస్త వివరంగా రాయాలనిపించింది.

ముందు ఆ సభ జరిగిన చోటు గురించి చెప్పాలి. అది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియం, అప్పుడే కొత్తగా కట్టినది. దాని ఖర్చులో సుమారు 30,000 పౌండ్లు యూనివర్సిటీ ప్రెస్ బైబిళ్లు అమ్మగా మిగిలిన లాభం లోంచి వచ్చాయి. సృష్టిని చదవడమంటే సృష్టికర్తను తెలుసుకోవడమే అని నమ్మినవాళ్లు ఆ డబ్బు సైన్స్ భవనానికి ఇచ్చారు. ఇక ఆ రోజు అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నది జాన్ హెన్‌స్లో, ఆయన ఒక ఊరి చర్చికి ఫాదరు, కేంబ్రిడ్జ్‌లో బోటనీ ప్రొఫెసరు, డార్విన్‌కు గురువు, బీగిల్ ఓడలో వెళ్లే అవకాశం శిష్యుడికి ఇప్పించిందీ ఆయనే. ఆ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ కూడా సభలో ఉన్నాడు, చేతిలో బైబిల్ పట్టుకుని, దేవుణ్ణి నమ్మండి, మనిషిని కాదు అని జనాన్ని వేడుకున్నాడు. ఆయనా డార్వినూ దాదాపు ఐదేళ్లు ఒకే ఓడలో, ఒకే బల్ల దగ్గర భోంచేసినవాళ్లు. ఈ గొడవ ఒకే ఇంట్లో వాళ్ల మధ్య జరిగిందని గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

విక్టోరియా 1837లో రాణి అయ్యే నాటికి ఇంగ్లండ్‌లో సైన్స్ చేసి జీతం తెచ్చుకోవడం చాలా కొద్దిమందికే కుదిరేది. "సైంటిస్ట్" అనే మాటే 1830ల్లో పుట్టింది, పుట్టించిన విలియం హ్యూవెల్ కూడా చర్చి దీక్ష తీసుకున్నవాడే. ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి మనిషినని ఒప్పుకుంటేనే ఆక్స్‌ఫర్డ్‌లో అడ్మిషన్, కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ. కాబట్టి పురుగులు పట్టేది, రాళ్లు ఏరేది, మొక్కలు ఎండబెట్టి అతికించేది ఎక్కువగా పల్లెటూరి చర్చిల ఫాదర్లే, వాళ్లకి ఇల్లుంది, ఆదాయముంది, ఆదివారం తప్ప మిగతా రోజుల్లో తీరిక ఉంది. 1802లో విలియం పేలీ చెప్పిన గడియారం పోలిక వాళ్లందరికీ కంఠతా వచ్చు: దారిలో గడియారం దొరికితే దాన్ని ఎవరో చేసుంటారని అనుకుంటాం కదా, మరి కన్ను లాంటి యంత్రాన్ని ఎవరూ చెయ్యకుండానే వచ్చిందా? కుర్రాడిగా ఉన్నప్పుడు డార్విన్‌కు ఆ వాదన ఎంతో నచ్చింది. ఆయన కేంబ్రిడ్జ్‌కి వెళ్లిందే ఫాదరు అవుదామని.

బైబిల్లో మొదటి పుస్తకమైన ఆదికాండం లెక్క ప్రకారం భూమి వయసు ఆరు వేల ఏళ్లే అని, రాళ్లు అబద్ధమని చర్చి పట్టుబట్టిందనీ, డార్విన్ వచ్చి ఆ గోడ బద్దలు కొట్టాడనీ చాలామంది అనుకుంటారు. క్రీస్తుపూర్వం 4004లో సృష్టి జరిగిందని ఆర్చ్‌బిషప్ అషర్ 1650లో లెక్క కట్టిన మాట నిజం, ఆ సంవత్సరం ఇంగ్లిష్ బైబిళ్ల మార్జిన్లలో అచ్చయ్యేది కూడా. కానీ ఆ లెక్కను పక్కన పెట్టిన జియాలజిస్టుల్లో ముఖ్యులు చర్చి మనుషులే. ఆక్స్‌ఫర్డ్‌లో జియాలజీ చెప్పిన విలియం బక్‌లాండ్ కథ నాకు చాలా ఇష్టం. యార్క్‌షైర్‌లో కిర్క్‌డేల్ అనే గుహలో హైనాలు, ఏనుగులు, ఖడ్గమృగాల ఎముకలు దొరికాయి. ఆఫ్రికా జంతువులు ఇంగ్లండ్‌కి ఎలా వచ్చాయి, నోవహు కాలం జలప్రళయంలో కొట్టుకొచ్చి ఉంటాయి అనేది అప్పట్లో అందరికీ తోచిన సమాధానం. బక్‌లాండ్ ఏం చేశాడంటే, బతికున్న హైనాకి ఎముకలు వేసి కొరికించి, ఆ పంటి గాట్లను గుహ ఎముకల మీది గాట్లతో పోల్చి చూశాడు. సరిగ్గా సరిపోయాయి. అంటే ఆ హైనాలు అక్కడే బతికాయి, వేటను గుహలోకి ఈడ్చుకొచ్చి తిన్నాయి. వాటి మీద పేరుకున్న బురద మాత్రం జలప్రళయానిదే అని 1823లో రాశాడు, ఆధారాలు కుదరకపోయేసరికి 1836 నాటికి ఆ మాట కూడా వెనక్కి తీసుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో జియాలజీ ప్రొఫెసరు ఆడమ్ సెడ్జ్‌విక్, ఆయనా ఫాదరే, 1831లో జియలాజికల్ సొసైటీ అధ్యక్షుడిగా అందరి ముందూ నిలబడి, జలప్రళయం విషయంలో నేను పొరబడ్డాను అని ఒప్పుకున్నాడు. దేవుడి మీద నమ్మకం పోలేదు, ఆదికాండంలో "రోజు" అంటే ఒక పెద్ద యుగం అని కొందరు, మొదటి వచనానికీ రెండో వచనానికీ మధ్య లెక్కలేనంత కాలం గడిచిందని మరికొందరు సరిచెప్పుకున్నారు. ఇదంతా డార్విన్ పుస్తకానికి పాతికేళ్ల ముందు సంగతి!

అదే సెడ్జ్‌విక్‌కు డార్విన్ పుస్తకం మాత్రం మింగుడుపడలేదు. 1859 నవంబర్ 24న "జీవజాతుల ఉత్పత్తి" బయటికొచ్చింది, మొదటి ముద్రణ 1,250 కాపీలు. సెడ్జ్‌విక్ తన పాత శిష్యుడికి ఉత్తరం రాశాడు: చదువుతుంటే సంతోషం కంటే బాధే ఎక్కువ కలిగింది, కొన్ని చోట్ల మెచ్చుకున్నాను, కొన్ని చోట్ల పక్కలు నొప్పి పుట్టేలా నవ్వాను అని. చివర్లో మాత్రం నీ పాత మిత్రుణ్ణే అని సంతకం చేశాడు. భూమి వయసు ఎంతైనా ఆయనకు ఇబ్బంది లేదు, కానీ ప్రకృతిలోంచి ఉద్దేశాన్ని, నీతిని తీసేస్తే మనిషి ఏమైపోతాడన్నది ఆయన దిగులు. ఆ దిగులును మూఢత్వం అని కొట్టిపారేయడం నాకు న్యాయంగా అనిపించదు.

డార్విన్‌కీ ఆ దిగులు లేకపోలేదు. 1851 ఏప్రిల్‌లో ఆయన పెద్ద కూతురు యానీ పదేళ్ల వయసులో మాల్వర్న్‌లో జబ్బుతో చనిపోయింది, ఆయన పక్కనే కూర్చుని చూశాడు, గర్భంతో ఉన్న భార్య ఎమ్మా ఇంటి దగ్గర ఉత్తరాల కోసం ఎదురుచూసింది. అప్పటికే సన్నగిల్లిన ఆయన విశ్వాసం ఆ తర్వాత మళ్లీ నిలబడలేదని ఆయన మీద రాసినవాళ్లు చాలామంది అంటారు. 1860లో, విశ్వాసి అయిన అమెరికన్ బోటనిస్టు ఏసా గ్రేకి రాస్తూ, బతికున్న గొంగళిపురుగుల్ని లోపల్నుంచి తినే కందిరీగల్ని దయగల దేవుడు కావాలని పుట్టించాడంటే నమ్మలేకపోతున్నాను అన్నాడు. అంత సూటిగా అడిగినా గ్రే స్నేహమూ వదల్లేదు, పరిణామ సిద్ధాంతాన్నీ వదల్లేదు, అమెరికాలో డార్విన్ తరఫున గట్టిగా వాదించింది ఆయనే. ఇంగ్లండ్‌లో ఫాదర్ చార్లెస్ కింగ్స్‌లీ పుస్తకం ఇంకా మార్కెట్‌లోకి రాకముందే చదివి, తమంతట తామే మారగలిగే జీవుల్ని దేవుడు సృష్టించాడనుకోవడం కూడా అంతే గొప్ప భావన అని రాశాడు, డార్విన్ ఎంత సంతోషించాడంటే 1860 జనవరిలో వచ్చిన రెండో ముద్రణలో ఆ మాటలు చేర్చాడు.

ఇప్పుడు మళ్లీ ఆక్స్‌ఫర్డ్‌కి వద్దాం. 1860 జూన్ 30, శనివారం. న్యూయార్క్ నుంచి వచ్చిన కెమిస్ట్రీ ప్రొఫెసరు డ్రేపర్ గంటకు పైగా ప్రసంగించాడు, హాలు కిక్కిరిసి ఉంది. బిషప్ శామ్యూల్ విల్బర్‌ఫోర్స్ లేచాడు. ఈయన సైన్స్ తెలియని మనిషి కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల్లో ఫస్ట్ క్లాస్, రాయల్ సొసైటీ సభ్యుడు. ఆయన డార్విన్ మీద రాసిన సమీక్ష చదివి, ఊహ మీద ఆధారపడ్డ చోట్లన్నీ నేర్పుగా పట్టుకున్నాడని డార్విన్ స్వయంగా ఒప్పుకున్నాడు. తాత, నాయనమ్మ మాట ఏదో ఒక రూపంలో వచ్చిందన్నది నిజమే, హక్స్‌లీ కూడా తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. కానీ అక్కడ మాట్లాడినదాన్ని మాటకు మాట రాసిపెట్టినవాళ్లు లేరు, అప్పట్లో సభ గురించి వివరంగా రాసిన పత్రిక రిపోర్టులో ఈ మాటల పోటీ లేనే లేదు. రెండు రోజుల తర్వాత బోటనిస్టు జోసెఫ్ హుకర్ తన మిత్రుడు డార్విన్‌కు రాసిన ఉత్తరం ప్రకారం హక్స్‌లీ గొంతు హాలంతటికీ వినపడలేదు, బిషప్‌కి అసలు దెబ్బ కొట్టింది తానే (అంటే హుకరే). బిషప్ తానే గెలిచాననుకున్నాడు. మనం క్లాసుల్లో చెప్పుకునే రూపం జనంలోకి వచ్చింది ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, 1898లో ఒక పత్రిక అచ్చేసిన ఒకావిడ జ్ఞాపకాల వల్ల. ఆ మర్నాడు ఆదివారం అదే సభకొచ్చినవాళ్ల కోసం చర్చిలో ప్రసంగం చేసిన ఫ్రెడరిక్ టెంపుల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. సైన్స్ ఇంకా వివరించలేని ఖాళీల్లో దేవుణ్ణి వెతక్కండి, ప్రకృతి నియమాల్లోనే ఆయన వేలు ఉంది అన్నది ఆయన మాటల సారాంశం. ఈ పేరు గుర్తుంచుకోండి.

చర్చిని నిజంగా కుదిపేసింది కోతి కాదు. అదే 1860లో టెంపుల్‌తో సహా ఏడుగురు కలిసి తెచ్చిన వ్యాసాల సంపుటి ఒకటుంది, బైబిల్ని కూడా మిగతా పాత గ్రంథాల్లాగే చరిత్ర దృష్టితో చదవాలని అందులో వాదించారు. ఆరుగురు ఫాదర్లే. వాళ్లలో ఒకరైన బేడెన్ పవల్, ఆక్స్‌ఫర్డ్ జామెట్రీ ప్రొఫెసరు, డార్విన్ పుస్తకాన్ని అందులోనే మెచ్చుకున్నాడు (స్కౌట్స్ స్థాపకుడు ఆయన కొడుకే). వాళ్లలో ఇద్దరి మీద మతవిరుద్ధంగా రాశారని కేసు నడిచింది, 1864లో పై కోర్టు లాంటి ప్రివీ కౌన్సిల్ ఆ కేసు కొట్టేసింది, దానికి నిరసనగా దాదాపు 11,000 మంది ఫాదర్లు సంతకాలు పెట్టారు. ఈలోగా దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్ కొలెన్సో జులూ భాషలోకి బైబిల్ అనువదిస్తుంటే, సాయం చేస్తున్న విలియం ఎన్‌గిడి అనే జులూ ఆయన ఆగి, "ఇదంతా నిజమని మీరు నమ్ముతున్నారా? చలి దేశాలవీ వేడి దేశాలవీ అన్ని జంతువులూ జతలుగా ఓడలోకి ఎక్కాయా?" అని అడిగాడు. కొలెన్సో గతంలో స్కూలు అరిథ్‌మెటిక్ పుస్తకాలు రాసిన మనిషి. నిజాయితీగా అవునని చెప్పలేకపోయాడు. కూర్చుని లెక్కలు కట్టాడు: బైబిల్లో మోషే వెంట నడిచిన ఆరు లక్షల మంది పురుషులు ప్రత్యక్షపు గుడారం (వాళ్ల ఆరాధన డేరా) ముందు తొమ్మిదేసి మంది చొప్పున వరసగా నిలబడితే ఆ వరస సుమారు ఇరవై మైళ్లు పోతుంది! 1862లో పుస్తకం వచ్చింది, మర్నాటి ఏడాది పదవి తీసేశారు, 1865లో ఆ ఉత్తర్వు చెల్లదని లండన్‌లో తీర్పొచ్చింది. బిషప్‌నే ఆలోచనలో పడేసింది ఒక జులూ మనిషి అడిగిన ప్రశ్న అన్నది నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరించే విషయం.

మరి "యుద్ధం" అనే మాట ఎక్కణ్నుంచి వచ్చింది? చాలావరకు ఉద్యోగాల నుంచి. హక్స్‌లీకి తాతలిచ్చిన ఆస్తి లేదు, ఓడ మీద నాలుగేళ్లు తిరిగి పేరు తెచ్చుకుని కూడా 1854 దాకా స్థిరమైన జీతం లేదు, మరోపక్క ప్రొఫెసరు కుర్చీల్లో ఫాదర్లు కనిపిస్తుంటే ఆయనకు మండింది. సైన్స్‌ను సైన్సే బతుకుతెరువైనవాళ్ల చేతికి తేవాలనుకుని 1864 నవంబర్‌లో హుకర్, టిండాల్, స్పెన్సర్ లాంటి వాళ్లతో కలిసి తొమ్మిది మంది ఎక్స్ క్లబ్ పెట్టుకున్నారు, నెలకోసారి డిన్నర్. 1873 నుంచి 1885 దాకా రాయల్ సొసైటీ అధ్యక్షులు వరసగా ముగ్గురూ ఆ క్లబ్బు వాళ్లే. 1871లో యూనివర్సిటీల్లో మత పరీక్షలు చాలావరకు రద్దయ్యాయి, ఇది నిజంగా గెలవాల్సిన పోరాటమే, ఇందులో నా మనసు పూర్తిగా హక్స్‌లీ వైపే. కాకపోతే ఉద్యోగాల పోరాటాన్ని యుగయుగాల యుద్ధంగా రాసిన పుస్తకాలు ఆ వెంటే వచ్చాయి. 1874లో మతానికీ సైన్స్‌కీ సంఘర్షణ అంటూ రాసింది ఎవరో కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో గంటకు పైగా మాట్లాడిన ఆ డ్రేపరే. 1870లో పోప్ మాటకు తిరుగులేదని కాథలిక్ చర్చి ప్రకటించిన కోపం ఆ పుస్తకం నిండా ఉంది. 1896లో కార్నెల్ యూనివర్సిటీ స్థాపకుల్లో ఒకరైన ఆండ్రూ డిక్సన్ వైట్ రెండు సంపుటాలు రాశాడు. కొలంబస్ కాలంలో చర్చి భూమి బల్లపరుపుగా ఉందని నమ్మేదన్న కథ ఇలాంటి పుస్తకాల వల్లే అంతగా పాకింది, చదువుకున్న క్రైస్తవులు భూమి గుండ్రమని ఎప్పట్నుంచో ఒప్పుకున్నా సరే.

ఆ యుద్ధం జరుగుతోందంటున్న సంవత్సరంలోనే, 1874లో, కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ పరిశోధనల కోసం కావెండిష్ లాబొరేటరీ తెరిచారు. మొదటి ప్రొఫెసరు మాక్స్‌వెల్, గట్టి విశ్వాసి. తలుపు మీద లాటిన్‌లో 111వ కీర్తన రెండో వచనం చెక్కించారు: దేవుడి క్రియలు గొప్పవి, వాటిని ఇష్టపడేవాళ్లు వాటిని వెతికి విచారిస్తారని దాని అర్థం. 1882 ఏప్రిల్‌లో డార్విన్ పోయినప్పుడు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, న్యూటన్ సమాధికి దగ్గర్లో ఖననం చేశారు, హక్స్‌లీ, హుకర్, డార్విన్‌తో పాటు తానూ విడిగా ఇదే సిద్ధాంతం కనిపెట్టిన వాలెస్ శవపేటిక పక్కన నడిచారు. గాయాలు లేవని అనను. సెయింట్ జార్జ్ మైవర్ట్ అనే కాథలిక్ జంతుశాస్త్రవేత్త పరిణామానికీ కాథలిక్ విశ్వాసానికీ పొత్తు కుదర్చాలని ముప్పై ఏళ్లు తంటాలు పడి, చివరికి నరకం గురించీ చర్చి అధికారం గురించీ రాసిన రాతలకు 1900లో వెలివేతకు గురై, ఆ ఏడాదే పోయాడు.

టెంపుల్ పేరు గుర్తుంచుకోమన్నాను కదా. 1897 నాటికి ఆయన కాంటర్బరీ ఆర్చ్‌బిషప్, ఆంగ్లికన్ చర్చికి పెద్ద. అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు ఒక దోమ పొట్ట కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, మలేరియా క్రిమి కనపడింది. ఆ సంతోషంలో ఆయన ఒక పద్యం రాసుకున్నాడు, ఇన్నాళ్లకు కనికరించి ఈ అద్భుతాన్ని నా చేతిలో పెట్టిన దేవుడికి స్తోత్రం అని. కోల్‌కతాలో ఆయన పనిచేసిన ఆస్పత్రి దగ్గర ఆ పాదాలు ఇప్పటికీ గోడ మీద ఉన్నాయి.